ఒకే సంచిలోని తగిరిస ఆకు

మందుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం పని నేర్పరు, రాయడం నేర్పుతారు. తలుపు ఎప్పుడు తీశారు, నీళ్లు ఎంతసేపు మరిగాయి, గ్లవ్స్ ఎవరు మార్చుకున్నారు, అన్నీ రాయాలి. ఏదైనా కొట్టేస్తే పక్కన పొట్టి సంతకం పెట్టాలి. నాకు ఈ పాఠం కష్టమనిపించలేదు. బడిలో చదువుకునే రోజుల నుంచీ నాకు డైరీ అలవాటు. ఫ్యాక్టరీ రిజిస్టర్‌లో రాసింది చాలక ఇంటికొచ్చి మళ్లీ నా పుస్తకంలో రాసుకునేవాణ్ణి. సర్వీసంతా ఈ రాత మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. రాసుకున్నదాన్ని తిరిగి చదవడం కూడా పనిలో భాగమేనని తెలిసేసరికి రిటైర్మెంటుకు మూడేళ్లే మిగిలాయి.

అది తెలిసిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు ల్యాబ్‌లలో చేరుతున్న పిల్లలు చదువుతారని ఆశ. ఎవరి పేర్లూ రాయడం లేదు. అందరూ ఇక్కడే, ఈ చుట్టుపక్కలే ఉన్నారు, అందరూ నాకు కావలసినవాళ్లే.

మాది పాశమైలారంలో మూలికా మందులు చేసే చిన్న ఫ్యాక్టరీ. సిరప్‌లు, చూర్ణాలు, మలాములు. మా మైక్రోబయాలజీ సెక్షన్ మేడ మీద మూడు గదులు. కింద చూర్ణం మర ఆడుతుంటే మెట్ల మీద ఎప్పుడూ కరక్కాయ వాసన వచ్చేది. రోజువారీ పని చప్పగానే ఉండేది: తయారైన సిరప్‌లో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, నీళ్లలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం.

నాతో పాటు ఒక అమ్మాయి పనిచేసేది. రుద్రారం దగ్గరి పల్లెలో రైతు కూతురు. ఎమ్మెస్సీ చదివి, కాంట్రాక్టు మీద చేరి రెండేళ్లయింది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. పరీక్షల కోసం మేము రెండు రకాల ఫంగస్‌లను గొట్టాల్లో పెంచేవాళ్లం. ఒకటి తామరను కలిగించేది. పైనుంచి దూదిలా తెల్లగా ఉంటుంది, గొట్టం తిప్పి చూస్తే అడుగున ఎర్రగా ఉంటుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కంటికి బాగా కనబడాలంటే పది రోజులు కావాలి. రెండోది నోటిలో తెల్లపూత తెచ్చేది. ఒక్క రోజులో పెరుగుతుంది. వీటికి నెలనెలా కొత్త మేత పోసి, పాతవి తీసెయ్యాలి. ఆ అమ్మాయి వాటికి ఎర్ర బర్రె, తెల్ల బర్రె అని పేర్లు పెట్టింది. పొద్దున్నే వచ్చి, "సార్, బర్లకు మేతేసిన. ఎర్రది జెర అలిగినట్టుంది, మూతి ముడుసుకుంది" అనేది. నేను రిజిస్టర్‌లో వాటి లాటిన్ పేర్లు రాస్తూ నవ్వు ఆపుకునేవాణ్ణి. ఒకసారి నేనే పొరపాటున 'బర్రె' అని రాసి కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

మా యజమాని వ్యాపారుల ఇంట్లో పుట్టిన మనిషి. వాళ్ల తాతల కాలం నుంచీ మూలికల దుకాణం. ఒక వానాకాలం ఆయన మా గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏం సాబ్, మన చుట్టూ ఎన్ని కంపెనీలున్నయ్?"

"చాలా ఉన్నయి సార్."

"అందరూ పొద్దంత రబ్బరు బూట్లేసుకునే పని చేస్తరు. పొద్దుమీకి ఇడిస్తే ఒకటే గోకుడు. భానూర్ దిక్కు ఒక ముసలమ్మ ఉన్నదంట. ఆకు నూరి పెడితే తామర తగ్గుతదంట. ఆదివారం వస్తే ఆమె వాకిట్ల లైనంట. ఆ ఆకేందో చూడుర్రి. అందుల పస ఉంటే మనం మలాం చేద్దాం. ఈ బూట్ల కాళ్లన్నీ మనకు గిరాకే."

అట్లా ఒక ఆదివారం నేనూ ఆ అమ్మాయీ ఆ అవ్వ ఇంటికి వెళ్లాం. వాకిట్లో పదిహేను మంది దాకా కుర్రాళ్లు వరసగా నేల మీద కూర్చుని ఎండలోకి కాళ్లు చాపి ఉన్నారు. ఎక్కువమంది బయటి రాష్ట్రాల వాళ్లు. వేళ్ల సందుల్లో, మడమల మీద పచ్చటి ముద్ద. అవ్వ చేతిలో చిన్న కర్రపుల్ల. ఎవరైనా కాలు ముడిస్తే ఆ పుల్లతో తట్టి "సీదా, సీదా" అంటోంది. మమ్మల్ని చూడగానే అడిగింది.

"మీకేడ లేసింది? కాళ్లు సూపెట్టుర్రి."

"మాకేం లేదవ్వా. మందు గురించి అడుగుదామని వచ్చినం" అన్నాను.

"ఏం లేనోళ్లకు మందెందుకు?"

కుర్రాళ్లకు మాట అర్థం కాకపోయినా నవ్వారు. మా అమ్మాయి ఆమె పక్కన కూర్చుని, తన ఊరు చెప్పి, తన నాయినమ్మ పుట్టిల్లు ఆ పక్క ఊరేనని వరస కలిపి, అయిదు నిమిషాల్లో సంగతి రాబట్టింది.

"తగిరిసాకు. దాసేదేముంది బిడ్డా, రోడ్డు పొంటి మొలుస్తది" అంది అవ్వ. "ఒక్కనాటికి పోదు. నెల పడతది. కొందరికి అసల్‌కే పోదు. నేను పోతదని ఒట్టు పెట్టలే."

తగిరిస మీరు చూసే ఉంటారు. వానలు పడగానే దారి పక్కన మోకాలెత్తు మొలిచి, పసుపు పూలు పూసి, సన్నటి పొడుగు కాయలు కాసే కలుపు మొక్క. పాత వైద్య గ్రంథాల్లో దీన్ని చక్రమర్దం అంటారు, తామర చక్రాలను నలిపేది అని. అవ్వ ఒక గుప్పెడు ఆకు ఇచ్చింది. దాంతోనే మొదటి పరీక్ష చేశాం.

పరీక్ష విధానం కష్టమైనదేమీ కాదు. గాజు ప్లేట్‌లో జిగురు లాంటి మేత పోసి గడ్డకట్టిస్తాం. దాని మీద ఫంగస్ పూసి, మేతలో చిన్న గుంటలు తీసి, ఒక గుంటలో ఆకు సారం, ఒక గుంటలో దుకాణాల్లో దొరికే అసలు మందు, ఒక గుంటలో సారం తీయడానికి వాడిన ద్రావకం మాత్రమే పోస్తాం. సారానికి బలముంటే ఆ గుంట చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం ఏర్పడుతుంది. వలయం ఎంత పెద్దదైతే మందు అంత బలమైనది.

అవ్వ ఇచ్చిన ఆకుకు గోరంచు అంత వలయం వచ్చింది, అదీ మసకగా. నేను రిజిస్టర్‌లో "నమూనా చాలలేదు" అని రాశాను. చూడండి, ఫంగస్ మొదటి పరీక్షలోనే నిజం చెప్పింది. నేనే దానికి సాకు రాసిపెట్టాను.

పెద్ద ఎత్తున చేయాలంటే సంచుల కొద్దీ ఆకు కావాలి. "మా పొలం ఒడ్డు నిండ అదే సార్. నాయిన పీకలేక సస్తుండు" అంది మా అమ్మాయి. ఆ వారమే వాళ్ల పొలానికి వెళ్లాం. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది చాలా హాయిగా ఉంటుంది: మబ్బు పట్టిన పూట, మోకాలెత్తు వరి, ఒడ్డు మీద పచ్చగా గుబురుగా తగిరిస, వాళ్ల నాయిన కొడవలితో కోసి కట్టలు కట్టడం. పలచటి మనిషి, తెల్లటి మీసం. బోరు షెడ్డులో స్టవ్వు మీద తానే టీ కాచి పోశాడు.

"గడ్డి కోయనీకి ఇంత సదువు సదివిన సారొచ్చిండు" అని ఆయన మురిసిపోయాడు. "మా బిడ్డ పని మంచిగ చేస్తుందా సారూ?"

"నాకంటే మంచిగ చేస్తుంది" అన్నాను.

"గట్లనకుర్రి. నెత్తికెక్కుతది."

ఆకును నీళ్లలో కడిగి, ఫ్యాక్టరీ మేడ మీద నీడలో ఆరబెట్టి, పొడి చేసి, సంచిలో కట్టాం. సారం తీశాం. ప్లేట్లు పెట్టాం. తెల్ల బర్రె ఫలితం మర్నాడే వచ్చింది, వలయం పెద్దదే. ఎర్ర బర్రె కోసం పది రోజులు ఆగాం. పదో రోజు ఆ అమ్మాయి, ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తెరిచి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"సార్. సార్, జల్దీ రండి."

"ఏమైంది?"

"ఎర్ర బర్రె మేత ముట్టలే సార్."

ఆకు సారం గుంట చుట్టూ రూపాయి బిళ్లకంటే పెద్ద ఖాళీ వలయం. అంచు కత్తితో గీసినంత శుభ్రం. అసలు మందు చేసిన వలయానికి ఇంచుమించు సమానం. ద్రావకం గుంట చుట్టూ ఏమీ లేదు, ఫంగస్ చక్కగా మొలిచింది. అంటే ఇది ద్రావకం చేసిన మాయ కాదు. నా సర్వీసులో ఒక ఆకుకు అట్లాంటి వలయం ఎప్పుడూ చూడలేదు. అయినా పద్ధతి గల మనిషిని కదా, సంబరపడకుండా పరీక్ష మళ్లీ చేయించాను. మళ్లీ అదే. మూడోసారి చేయించాను. అదే. అప్పుడు గానీ రిపోర్టు రాసి సంతకం పెట్టలేదు.

మూడుసార్లూ ఒకే సంచిలోంచి తీసిన పొడితో చేశాం. ఆ మాట ఎవరికీ తట్టలేదు, నాకు అసలే తట్టలేదు.

యజమాని ప్లేటును కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు. "ఇది ఆకు చేసిందా? ఒట్టి ఆకే?"

"ఒట్టి ఆకే సార్" అన్నాను.

ఆ తర్వాత అన్నీ వేగంగా జరిగిపోయాయి. కింద మలాము తయారు చేసే గదిలో మొదటి విడత ట్యూబులు నింపారు. రెండో విడతకు ఇంకా ఆకు కావాలన్నారు. పారిశ్రామికవాడలో ఒక ఆదివారం శిబిరం పెట్టి, నాలుగైదు ఫ్యాక్టరీల కార్మికులకు ట్యూబులు ఉచితంగా ఇచ్చి, ఎట్లా పనిచేస్తుందో చూద్దామని యజమాని నిర్ణయించాడు. ఆ అమ్మాయిని పిలిచి, "నీ పర్మినెంట్ ఆర్డరు శిబిరం రోజే స్టేజీ మీద ఇస్త. మీ నాయినను తోలుకరా" అన్నాడు. ఆమె తల ఊపింది. మెట్ల మీదికి వచ్చాక నాతో, "సార్, నాయిన కొత్త అంగి కొంటడు సూడుండ్రి" అంది. వాళ్ల ఇంట్లో ఆమెకంటే ముందు నెలజీతం తెచ్చినవాళ్లు లేరు.

రెండో సంచి ఆకు వాళ్ల నాయినే తెచ్చి దింపాడు. "ఒడ్డు మీదిది అయిపోయింది సారూ. ఇది మా ఇంటి ఎనకల జాగల మొలిసింది. ఇన్నేండ్లు పీకి అవతల పారేసిన. ఇప్పుడు ఇత్తనాలు జల్లుమంటుంది మా బిడ్డ" అని నవ్వుకుంటూ వెళ్లాడు.

రెండో సంచికి కూడా పరీక్ష చేయడం మా నియమం. తెల్ల బర్రె ప్లేటు మర్నాడు తీశాం. వలయం లేదు. కళ్లు చికిలించి చూస్తే గోరంచు అంత మసక.

మొదట మమ్మల్ని మేమే అనుమానించుకున్నాం. ఆ అమ్మాయి మేత కొత్తగా కాచింది. ద్రావకం సీసా మార్చింది. ఇంక్యుబేటర్‌లో ఇంకో థర్మామీటర్ పెట్టింది. మూడు రోజులు ఆమె బర్ల గురించి ఒక్క జోకు వేయలేదు. ఫలితం మారలేదు. శిబిరం చూస్తే వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారమే.

ఆ సోమవారం తెల్లవారి నేను లేచి, ఇంట్లో ఎవరూ లేవకముందే, రెండు సంచుల ఆకుకూ తేడా ఎక్కడుందో చూద్దామని అలమారలోంచి డైరీ తీశాను. పొలానికి వెళ్లిన నాటి పేజీ వెతికాను. నా చేతిరాతతో ఇట్లా ఉంది: "రుద్రారం దాటి పొలం. వరి మోకాలెత్తు, అక్కడక్కడ పొడ తెగులు మచ్చలు. ఒడ్డు నిండా తగిరిస. ఒడ్డు చివర మందు కొట్టే పంపు, పక్కన నీలం మూత డబ్బా. ఆకుల మీద తెల్ల మరకలు, దుమ్ము కావచ్చు, కడిగించాలి. పెద్దాయన అల్లం టీ పోశారు. ఇంత మంచి టీ ఈ మధ్య తాగలేదు. ఇంట్లో కూడా అల్లం దంచి వేయమని చెప్పాలి."

పంపు గురించి ఒక వాక్యం, టీ గురించి మూడు. వరికి పొడ తెగులు ఒక ఫంగస్ వల్ల వస్తుంది. దానికి కొట్టే మందు ఫంగస్‌ను చంపే మందే. ఆ మందుల్లో కొన్నిటికీ, దుకాణంలో అమ్మే తామర మందులకూ రసాయన శాస్త్రంలో దగ్గరి చుట్టరికం. పైగా అవి ఆకు మీద నిలవవు, ఆకు లోపలికి ఇంకుతాయి. కడిగితే పోయేది దుమ్మే. ముప్పై ఏళ్లు ఫంగస్‌లతో బతికిన మనిషిని, ఆ పంపును కళ్లారా చూసి, చేతులారా రాసుకుని, టీ తాగి వచ్చాను.

ల్యాబ్‌కు వెళ్లేసరికి ఆ అమ్మాయి సింకు దగ్గర ప్లేట్లు కడుగుతోంది. డైరీ పేజీ చూపించాను. చదివింది. ఆశ్చర్యపోలేదు.

"నీకు ఎప్పుడు అనుమానమొచ్చింది?" అన్నాను.

"రెండో సంచి తేలిపోయినప్పుడు సార్. ఇంటెనకల జాగకు ఎవ్వరు మందు కొట్టరు గద."

"నాయినను అడిగినవా?"

"అడగలే. అడిగితే ఏం చెప్తడో నాకెరుకే. అందుకే అడగలే" అంది. నీళ్లు పారుతూనే ఉన్నాయి, నేనే కుళాయి కట్టేశాను. "రోజూ పొద్దుగాల లేచి, ఇయ్యాల సార్‌కు చెప్పాలె అనుకుంట బస్సెక్కుత. ఈడికొచ్చినంక ఇంకోసారి ప్లేటు పెట్టి చూద్దమనిపిస్తది."

ఆమెను కోప్పడాలని నాకు అనిపించలేదు. నిజం చెప్పాలంటే, పొద్దున బస్సులో నాకూ ఒక ఆలోచన వచ్చింది. శిబిరం కానిద్దాం, ఆమె ఆర్డరు చేతికి రానిద్దాం, తర్వాత "బలం తగ్గింది" అని నెమ్మదిగా ఇంకో రిపోర్టు రాద్దాం అని. ముత్తంగి నుంచి మా స్టాపు దాకా ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. బస్సు దిగుతుంటే ముందు నడుస్తున్న కుర్రాడు చెప్పులోంచి కాలు తీసి మడమతో మడమ గోక్కున్నాడు. చర్మం లేచి ఎర్రగా ఉంది. వరికి కొట్టే మందును ఆ పుండు మీద రాయడానికి నేను సంతకం పెట్టాను. ఆ ఆలోచన అక్కడితో పోయింది.

అనుమానం ఉంటే చాలదు, రుజువు కావాలి. మంగళవారం ఇద్దరం వాళ్ల ఊరికి వెళ్లాం. ఆమె వాళ్ల నాయినకు సంగతి చెప్పింది. ఆయన మొదట నవ్వాడు.

"పొడ తెగులు మందు తగిరిసకెట్ల పోతది బిడ్డా? నేను వరికి గద కొట్టింది."

"గాలికి ఒడ్డు మీద పడతది గద నాయినా."

"పడతది. పడకేంది." నవ్వు ఆగిపోయింది. "మీరు రాకముందు రోజే కొట్టిన." నా వైపు తిరిగాడు. "అంటే సారూ, మా బిడ్డ నౌకరి నా పంపుతోని పోతదా?"

"తప్పు నాది. పంపును నేను చూసిన. అడగాల్సింది నేను" అన్నాను.

"మీరు అడగకపోతే నేను చెప్పొద్దా?" అన్నాడు ఆయన.

తర్వాత ఆయన చేసిన పని నేను అడిగింది కాదు. షెడ్డులోంచి పంపు తెచ్చి, మందు కలిపి, వీపుకు తగిలించుకుని ఇంటి వెనక జాగాలోకి నడిచాడు. అక్కడ మిగిలిన తగిరిస మొక్కల మధ్య చీర ముక్క అడ్డం కట్టించి, సగం మొక్కలకు కొట్టాడు, సగం వదిలేశాడు. "రేపచ్చి రెండు దిక్కులా కోస్కపోర్రి. అదేనా కాదా తేలనీ" అన్నాడు. కూతురు ఆ చీర ముక్క అంచు పట్టుకుని నిలబడింది. తండ్రి ఎంతో శ్రద్ధగా, మొక్క మొక్కకూ ఆగి కొట్టాడు. అది కూతురి ఉద్యోగానికి ఎదురు సాక్ష్యమని ఆయనకు తెలుసు.

బుధవారం రెండు కట్టలూ కోసి, పచ్చి ఆకుతోనే సారం తీశాం. గురువారం ప్లేట్లు పెట్టాం, పక్కన పంపులో మిగిలిన మందు నీళ్లు కూడా ఒక గుంటలో. శుక్రవారం పొద్దున్నే తీశాం. మందు కొట్టని ఆకుకు మసక అంచు. మందు కొట్టిన ఆకుకు రూపాయి బిళ్ల. మందు నీళ్లకు అంతకంటే పెద్దది.

"తెల్ల బర్రె అబద్ధం చెప్పదు సార్" అంది ఆ అమ్మాయి. ఇన్ని రోజుల తర్వాత అదే మొదటి జోకు, కానీ ఇద్దరం నవ్వలేదు.

ప్లేటు పట్టుకుని యజమాని గదికి వెళ్లాం. ఆయన బల్ల మీద మలాము ట్యూబులు వరసగా ఉన్నాయి, మీద పచ్చటి ఆకు బొమ్మ. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆ అమ్మాయి ఊరు పేరు, పొలం ఎవరిదో చెప్పకుండా జాగ్రత్తపడ్డాను. ఆకు ఎక్కడ కోశామో ఆయన ఎప్పుడూ అడగలేదు.

"ఫంగస్ చస్తుందా లేదా సాబ్?"

"చస్తుంది సార్."

"మరి పరేషానేంది?"

"చంపుతున్నది ఆకు కాదు. వరికి కొట్టే మందు. మనిషి పుండుకు రాసేది కాదది. మొదటి విడత ట్యూబుల్ల అది ఉన్నది. రెండో సంచిల అదీ లేదు, ఏమీ లేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. "మూడుసార్లు చేసినమన్నరు గద. రిపోర్టు మీద సంతకమెవరిది?"

"నాదే సార్. ఆకు ఎక్కడిదో, దాని పక్కన ఏముందో చూసుకోవాల్సింది నేనే. వేరే ఎవరికీ సంబంధం లేదు."

"మా పొలంది సార్" అంది వెనక నుంచి ఆ అమ్మాయి. "మా నాయిన కొట్టిన మందు. ఆ ఒడ్డు చూపెట్టింది నేనే."

నేను వెనక్కి తిరిగి కళ్లతో వారించాను. ఆమె నన్ను చూడలేదు. యజమాని ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు మాట్లాడకుంటే నడుస్తుండె గదమ్మా."

"ఎరుకే సార్."

"మరెందుకు మాట్లాడినవ్?"

"సార్ ఒక్కని మీదికి పోతుంది గద."

ఆయన ఒక ట్యూబు చేతిలోకి తీసుకుని, మూత తిప్పి, మళ్లీ బిగించి పెట్టాడు. మమ్మల్ని తిట్టాడు, బాగానే తిట్టాడు. ఆ మాటలు నా డైరీలో ఉన్నాయి, ఇక్కడ అవసరం లేదు. తిట్టడం అయ్యాక కింది గదికి ఫోన్ చేసి ట్యూబులన్నీ పక్కన పెట్టమన్నాడు. శిబిరం ఆగలేదు, ఒక చర్మ వైద్యుడు వచ్చి చూశాడు, ట్యూబులు మాత్రం రాలేదు. స్టేజీ మీద ఎవరికీ ఆర్డరు ఇవ్వలేదు. ఆమె కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగించారు. ఆ కాగితం తెచ్చి చూపించి, "పొమ్మనలేదు సార్, అదే సంతోషం" అంది. నాయిన కొత్త అంగి అప్పటికే కుట్టించుకున్నాడని చెప్పింది.

అవ్వకు చెప్పాల్సిన బాధ్యత మిగిలింది. ఆమె ఆకు పేరు మీదే ఇంత హడావుడి జరిగింది. వెళ్లి, మా ప్లేట్లలో నీ ఆకుకు పెద్ద బలం కనబడలేదవ్వా అని మెల్లగా చెప్పాను. ఆమె బాధపడుతుందనుకున్నాను.

"నేను పల్లెంల పెట్టలే గద నాయనా, కాళ్లకు పెట్టిన" అంది. "ఆకు పెట్టినంక ఏం జేస్తరు? బూట్లు ఇడిసి, గంటసేపు ఎండల కాళ్లు సాపుతరు. ఉత్తగ సాపమంటే ఏ కొడుకన్న ఇంటడా? ఆకు పెడితే ఇంటరు."

నేను అన్నేళ్లు చదివిన పుస్తకాల్లో తడి చోటే ఫంగస్ పెరుగుతుందని మొదటి పేజీలోనే ఉంటుంది. ఎండలో చాపిన ఆ కాళ్ల వరసను కూడా నేను డైరీలో రాసుకున్నాను, "కూర్చునే పద్ధతి ముచ్చటగా ఉంది" అని.

ఆ తర్వాత ఆరు నెలలు మందు తగలని ఆకు, వేరు, గింజ అన్నిటితో పరీక్షలు చేశాం. కొంచెం బలం ఉంది, కొంచెమే. "స్వల్పం" అని రిపోర్టు రాశాను. యజమాని చదివి, ఫైల్లో పెట్టుకున్నాడు. కాంట్రాక్టు ఇంకోసారి పొడిగించాక, ఏడాదిన్నరకు, ఏ స్టేజీ లేకుండా, ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆ అమ్మాయి చేతిలో పర్మినెంట్ ఆర్డరు పెట్టాడు. "ఆనాడు నువ్వు నోరు మూసుకుంటే ఈ కాగితం అప్పుడే ఇస్తుంటి. సాబ్ కుర్చీల మాత్రం ఎన్నడన్న కూసోపెడుతుంటినో లేదో" అన్నాడు. అది మెచ్చుకోలా, తిట్టా అని మేమిద్దరం సాయంత్రం దాకా తర్జనభర్జన పడ్డాం.

ఆ ఆర్డరుకు ముందే, కాంట్రాక్టు మొదటిసారి పొడిగించిన మరుసటి వానాకాలంలో ఇంకో సంగతి మొదలైంది. ఒక పొద్దున ల్యాబ్ ఫోన్ మోగితే నేనే ఎత్తాను.

"సారూ, మా బిడ్డకు ఇయ్యుర్రి."

ఆ అమ్మాయి కంగారుగా వచ్చి తీసుకుంది. ఆయన గొంతు పెద్దది, నాకూ వినబడింది.

"రాసుకో బిడ్డా. ఇయ్యాల పొద్దుగాల పొడ తెగులుకు కొట్టిన. నాలుగు పంపులు. గాలి తూర్పు దిక్కు ఉండె. ఒడ్డు మీద గూడ పడ్డది."

"నాయినా, మేమిప్పుడు ఆడికెళ్లి ఆకు తెస్తలేం గద."

"తెస్తరో తేరో నాకెట్ల ఎరుక? నేను చెప్పాల్సింది నేను చెప్తున్న. రాసుకుంటున్నవా?"

ఆమె నా వైపు చూసింది. నేను నమూనాల రిజిస్టర్ జరిపాను. రాసింది. అప్పటి నుంచి మందు కొట్టిన ప్రతిసారీ ఆయన ఫోన్ చేసేవాడు. ఏ మందు, ఎన్ని పంపులు, గాలి ఎటు. మేము తగిరిస పని ముగించి పెద్దపెద్ద ఫైళ్లు అటకెక్కించిన తర్వాత కూడా ఆ ఫోన్లు ఆగలేదు.

నేను రిటైరయ్యాక ఆ సెక్షన్‌కు ఆమే ఇన్‌చార్జి. మొన్న వానలప్పుడు ఒకసారి చూసి పోదామని వెళ్లాను. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలకు ప్లేట్లు చదవడం నేర్పుతోంది. మధ్యలో ఫోన్ మోగింది. ఎవరిదో చూసింది. కూర్చున్నదల్లా లేచి నిలబడి, చేతిలోని ప్లేటు జాగ్రత్తగా కింద పెట్టి, రిజిస్టర్ తెరిచి పెన్ను తీసుకుంది.

"చెప్పు నాయినా" అంది.